కుట్టులో వదిలిన గుడ్డ

మూడు లాంతర్ల దగ్గర
మందుల కొట్టు పక్క సందులో నా మిషను.
ఇరవయ్యారేళ్లుగా ఈ ఊరి నడుములన్నీ
నా పుస్తకంలో ఉన్నాయి,
పెన్సిల్‌తో రాసినవి, చెరిపి రాసినవి.

హెడ్ కానిస్టేబుల్ దాలినాయుడు గారు
బదిలీ అయి వచ్చినప్పుడు ముప్పై ఒకటి.
కూతురి ఓణీలకి ముప్పై ఆరు.
మొన్న రిటైర్మెంటు సూటుకి
ఆయన పొట్ట బిగబట్టారు,
నేను నవ్వు బిగబట్టాను.

ప్రతి పేంటుకీ వెనక కుట్టులో
రెండంగుళాల గుడ్డ వదులుతాను.
ఎవరూ అడగరు.
అది దేనికో అందరికీ తెలుసు.
సాయంత్రం పకోడీకి, పెళ్లిభోజనాలకి,
ఆఫీసు కుర్చీకి.
"వచ్చే ఏడు పనికొస్తుంది" అంటాను.
ఒళ్లు రావడం మా ఊళ్లో
జీతం పెరగడం లాంటిదే,
ఎవరూ దాచుకోరు.

కిందటి చలికాలం నా నెత్తి మీద
జిమ్ము పెట్టారు.
పైన ఇనుము పడ్డప్పుడల్లా
కింద బాబిన్ ఎగిరేది, దారం తెగేది.
ఒక పెళ్లికూతురి జాకెట్టు చెయ్యి
వంకర పోయింది.
ఆ కోపం మీదే మెట్లెక్కాను,
కత్తెర చేతిలోనే ఉంది.
పద్దెనిమిది మెట్లు.
పదకొండో మెట్టు దగ్గర కోపం ఆగిపోయింది.
పైకి చేరేసరికి మాట లేదు,
ఆయాసమే ఉంది.

గౌరీశం అని నెల్లిమర్ల కుర్రాడు,
వాళ్ల నాన్నది జూట్ మిల్లు పని.
కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు.
"ఏటి బాబూ, తిట్టడానికొచ్చీసినారేటి?
కూకోండి ముందు.
తిట్టడానికైనా గాలి కావాల గదా!"

మర్నాడు అయిదున్నరకి మళ్లీ ఎక్కాను.
మొదటి వారం నా చేత చీపురు కర్ర ఎత్తించాడు.
కూర్చో, లే అన్నాడు.
కూర్చోడంలో నాకు ఇరవయ్యారేళ్ల అనుభవం.
లేవడం దగ్గరే ఒకటో తరగతి.
పెడల్ తొక్కే కుడికాలు నాది,
ఎడమకాలు ఎవరో దూరపు చుట్టానిది.
పక్కన పాలిటెక్నిక్ కుర్రాళ్లు
అద్దంలో తమ భుజాలు చూసుకుంటున్నారు.
నేను చొక్కా కుట్లు చూసుకున్నాను.
అలవాటు.

ఇంట్లో రావులమ్మ
బియ్యం గిద్దెడు తగ్గించింది.
అటక మీది చోడిపిండి డబ్బా దించింది.
పొద్దున్నే అంబలి, ఉల్లిపాయ,
మధ్యాహ్నం మునగాకు పప్పు, రెండు గుడ్లు.
"అప్పుడు నేక తాగినాం,
ఇప్పుడుండి తాగుతున్నాం" అని
గ్లాసు నా ముందు కొంచెం గట్టిగానే పెట్టింది.

సిరిమాను జాతరకి నాలుగు రోజులు మానేశాను.
జీళ్లు తిన్నాను, బజ్జీలు తిన్నాను,
అబద్ధం దేనికి.
అయిదో రోజుకి చీపురు కర్రకీ బరువొచ్చింది.
గౌరీశం ఏమీ అనలేదు.
నా జేబులో చాక్ ముక్క తీసుకుని
గోడ మీద నా పేరు పక్కన
నాలుగు సున్నాలు చుట్టాడు.
అవి ఇంకా ఉన్నాయి.

ఎవరి నడుమైనా కొలుస్తాను గానీ
నా దగ్గరికొచ్చేసరికి
టేపు లంచం అడుగుతుంది,
కొంచెం బిగించమంటుంది.
అందుకని రావులమ్మ చేతికిచ్చాను.
ముప్పై తొమ్మిది ఉండేది
ముప్పై ఆరున్నర చదివింది.
మళ్లీ చదవమన్నాను.

ఆ రాత్రి నా పాత పేంటు విప్పి
లోపలికి పట్టాలని కూర్చున్నాను.
బైట గుడ్డ ఎండకి వెలిసిపోయింది.
కుట్టు లోపల వదిలిన రెండంగుళాలు మాత్రం
కొన్ననాటి బూడిద రంగులోనే ఉన్నాయి.
కత్తెర పెట్టబుద్ధి కాలేదు.
మడిచి, లోపలే ఉంచి కుట్టాను.
ఏమో, మనిషిని నమ్మొచ్చు గానీ
జాతర ఏటేటా వస్తుంది.

పైన ఇనుము పడుతూనే ఉంది.
మిషను కాళ్ల కింద గోనెపట్టా మడిచి వేశాను,
దారం తెగడం లేదు.
ఇవాళ పొద్దున్న
దాలినాయుడు గారు కొత్త బూట్లతో వచ్చి
నా వైపు చూడకుండా మెట్లెక్కారు.
నేను మిషను ఆపి లెక్కపెట్టాను.

పదకొండో మెట్టు దగ్గర ఆగారు.