దామలచెరువు బస్సు

ఏడుంపావుకి తిరుపతిలో ఎక్కితే
గాదంకికి గంట పైనే. పల్లెవెలుగు.
చంద్రగిరి దాటినాక చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగుతుంది.
ఒళ్ళో ఫైలు, ఫైల్లో రాత్రి గీసిన గ్రాఫు:
అడ్డంగా సౌరపవనం వేగం,
నిలువుగా అయాన్ల వేడి.

కుడికి పోయేకొద్దీ చుక్కలు పైకెక్కుతాయి.
సెకనుకు మూడొందల యాభై కిలోమీటర్లప్పుడు
ప్రోటాన్లది నలభై వేల డిగ్రీలు,
ఏడొందలప్పుడు రెండు లక్షలు.
ఏమిటో చెప్పగలను.
ఎందుకో చెప్పమంటారు గైడు గారు,
అక్కడే నాకు దగ్గొస్తుంది.

పనపాకంలో మొగిలమ్మ ఎక్కింది,
బెంగళూరా మామిడి గంపతో.
చోటు లేదు. గంప సగం నా మోకాళ్ళ మీద.
"కిలో ఆరంట పాపా, కడుపు మండిపోతా ఉండాది"
అని నాతో అని,
వెనకాయనతో అని,
చిల్లర లేదని కసిరిన కండక్టరు చెంగల్రాయులుతోనూ అని,
కొంచెం చల్లబడింది.
ఆ కొంచెమూ మేం తలా కాస్త మోశాం.
ఆయన కూడా "ఆరేనా!" అన్నాడు, టిక్కెట్టు చింపడం ఆపి.

అప్పుడు మమ్మల్ని దాటిపోయింది ఏసీ బస్సు.
మూసిన అద్దాలు,
ఒక్కో తలా ఒక్కో ఇయర్‌ఫోనులో.

నిదానపు గాలిలో
దారి పొడుగునా ఒకరినొకరు రాసుకుంటారు,
ప్రోటానూ హీలియమూ ఆక్సిజనూ.
భూమి దాకా వచ్చేసరికి
ఎవరి వేడి ఎవరిదో తెలీదు.
దూకుడు గాలిలో తీరిక ఉండదు.
సూర్యుడి దగ్గర అంటుకున్నది అట్లాగే మోసుకొస్తారు.
బరువైన వాడికి ఎక్కువ మంట:
నాలుగింతల బరువున్న హీలియానికి
నాలుగింతలు, ఒక్కోసారి ఆ పైన.
లక్షల డిగ్రీలే,
అయినా చెయ్యి పెడితే కాలదు.
చేతికి తగిలేటంత మంది ఉండరక్కడ.

"ఏందిమే ఆ చుక్కలు?"
"ఎండ నుంచి వచ్చే గాలి, అవ్వా."
"గాలికి జొరం చూస్తా ఉండావా!"
నవ్వింది. గంప కదిలింది.
తొడిమ తెగిన కాయ నుంచి సొన కారి
గ్రాఫు మీద పడింది,
ఎడమ పక్క, కింద,
వేగం తక్కువ ఉన్న మూల.

తుడిస్తే పోదు సొన.
గైడు గారు అడుగుతారు, ఈ చుక్క ఏ రోజుదని.
గాదంకి వచ్చింది.
గంప దించుకోడానికి ఇద్దరు లేచారు.