పలకల దిబ్బకి పోయే ముందు

పద్దెనిమిది వేలకి కొన్నానంటున్నావు.
ఆయన బండి చూపించినప్పుడు
ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశావా జిలానీ?
పెట్టలేదు.
వెచ్చగా ఉండుంటే
నువ్వు రాకముందే తన్నీ తన్నీ లేపి పెట్టినట్టు.
పాత బండిని చల్లగా ఉన్నప్పుడే చూడాలి,
నిద్ర లేచిన మొహాన్ని చూసినట్టు.

సరే, కొన్నావు. స్టాండెయ్యి.

అద్దాలు విప్పెయ్. ఇండికేటర్లు విప్పెయ్.
ఈ చీరగార్డు మీ అమ్మకియ్యి,
బీరతీగ పాకించుకుంటుంది.
హ్యాండిలు కింద రంగు మరీ కొత్తగా ఉండాది,
గోకి చూడు.
అమ్మయ్య, వెల్డింగు కాదు, తుప్పే.
తుప్పుతో బతకొచ్చు.

గుబ్బల టైరు ఒక్కటే కొనగలిగితే
ముందు చక్రానికెయ్యి.
వెనకది జారితే బండి తోకాడిస్తుంది,
ముందుది జారితే నీ పళ్ళు నేలకి.
గాలి కొంచెం తగ్గించు,
బొటనవేలితో నొక్కితే పండిన బత్తాయిలా ఉండాలి.
ఇంకా తగ్గించావా,
పలకరాయి అంచు ట్యూబుని కొరికేస్తుంది.

మన మార్కాపురం దుమ్ముని దుమ్మనుకోమాక.
అది పొడిచేసిన ఆకురాయి,
పిస్టన్ని లోపల్నించి అరగదీస్తుంది.
ఆదివారం ఆదివారం ఫిల్టరు విప్పి
డీజిల్లో కడిగి, ఆరబెట్టి,
నాలుగు చుక్కలు ఆయిలేసి పిండు.
ఖర్చు ఇరవై రూపాయలు.
బోరు చేయించడానికి నా దగ్గరకొస్తే
నాలుగు వేలు తీసుకుంటా, మొహమాటపడను.

లివర్లు బిగించి చంపమాక.
పడ్డప్పుడు చుట్టూ తిరగాలి.
ఎట్టా పడకుండా ఉండాలని అడగమాక,
అది నాకూ తెలీదు.
పడితే ఎడంపక్కకి పడు,
కుడిపక్క సైలెన్సరు కాలిపోతుంటుంది.

హెల్మెట్టు మాత్రం పాతది కొనబాక.
ఏ తల యాడ తగిలిందో
దానికి తెలుసు, నీకు తెలీదు.
బూట్లు, చీమకుర్తి క్వారీలో తీసేసిన ఇనప మూతివి
మా బామ్మర్ది యాకోబు తెస్తాడు, మూడొందలు.
నేను ఈ లెక్క తలకిందులుగా చేశా.
ముందు సైలెన్సరు కొన్నా,
నల్లమల దాకా వినపడేది.
బూట్లు వచ్చే నెల్లో అనుకున్నా.
ఇదో ఈ చీలమండ.
వాన రేపొస్తుందంటే ఇయాళే చెప్తుంది.
మనూళ్ళో వాన రాదు కాబట్టి సరిపోయింది.

లేచి నిలబడి నడుపు, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకో.
గుంటని చూడబాక,
చూసిన చోటికే పోద్ది బండి.
గుంట పక్కన దారుంటే దాన్ని చూడు.
దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్క వేలితోనే.
ఒంటరిగా పోబాక.
పాత గనుల్లో పచ్చటి నీళ్ళుంటాయి,
లోతు ఎవురూ కొలవలేదు,
అంచు పొరలు పొరలుగా ఊడొస్తుంది.

ఇంకోటి. ఇది బండి సంగతి కాదు.
పన్నెండు గంటలకి గని గట్టున
ఆడోళ్ళు సద్ది విప్పుతారు.
నువ్వు ఆ పక్కగా పోతే
ఇంజనాపి దిగి తోసుకుంటా పో.
మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆడ పలకలు చీల్చింది.
ఎండాకాలం మధ్యాన్నాలు
ఎవడో లారీవాడు గేరు మార్చి పోయాక
క్యారేజీ మూత మీద వేలితో ఒక గీత గీసేది,
ఎంత పడిందో చూద్దామని.
తర్వాత మెతుకులు పైపైన తీసేసి
కింది అన్నం తినేది.

చేతులు తుడుచుకో, ఆ గుడ్డ కాదు, ఇంకోటి.
డబ్బులు తర్వాతియ్యి.
రేపు ఆరింటికల్లా రా.
నువ్వు స్టార్టు చెయ్యబాక, తోసుకుంటానే రా.
చల్లటి ఇంజన్ మీద
మొదటి కిక్కు నేను కొడతా,
ఈ కాలితోనే.