సన్యాసమ్మ పేరు మీద

బరంపురం వకీలు ఫీజు తీసుకుని చెప్పింది ఒక్క ముక్కే:
కేసు పడకముందే కదిలించాలి,
పడ్డాక కదిలిస్తే దొంగతనమంటారు.

ఇంటికొచ్చి ఈయన చెప్పులైనా విప్పకుండా
"ఒలే, నీ ఆధారు కార్డేదే?" అన్నాడు.
ముప్పై ఏళ్ల కాపురంలో
నా పేరుతో ఇంత పని పడింది ఇదే మొదలు.

కాశీబుగ్గ భాగస్తుడు కోర్టుకెక్కుతాడట,
జీఎస్టీ వాళ్లు మూడేళ్ల లెక్కలు తిరగేస్తున్నారట,
జీడిపప్పు ధర పడిపోయింది, బ్యాంకువాడు
చుట్టంలాగ రోజూ ఫోనులో పలకరిస్తున్నాడు.
పర్లాకిమిడిలో బట్టీ, పాతపట్నంలో గొడౌను,
నడుమ మహేంద్రతనయ.
ఏటికి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఒక రాష్ట్రం,
రెండు గట్లనా మా ఇంటిపేరు మీద అప్పే.

మా మావ కాలమే నయం.
భయమేస్తే వెండి రూపాయలు కుండలో పోసి
పెరట్లో కందమడి కింద పాతేసేవాడు.
ఎక్కడ పాతాడో చెప్పకుండానే పోయాడు.
నాలుగు వానాకాలాలు తవ్వాం.
కందే దొరికింది.

ఇప్పుడు ఆ కుండ నేను.

రిజిస్ట్రారాఫీసు వరండాలో
దస్తావేజులు రాసే గున్నయ్య
ఒడియాలో రాస్తూ తెలుగులో నవ్వాడు:
"సన్యాసమ్మ పేరు మీద సంసారమంతానా తల్లీ!"

నవ్వనీ.
నాకు ముందు ముగ్గురు పోయారని
మా అమ్మ పెట్టిన పేరది.
ఈ పిల్ల మాది కాదు, సన్యాసికిచ్చేశాం,
మా గుమ్మంలో నీకేం పని లేదు పొమ్మని
యముడికి చెప్పిన అబద్ధాన్ని నేను.
బినామీ అంటే నాకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.

బట్టీ రాశారు, ఇల్లు రాశారు,
కాశీనగర్ దారిలో రెండెకరాల తోట రాశారు.
గొడౌనుకి మర్నాడు ఏరు దాటాలి.
కారు మాత్రం ఆయన పేరునే ఉంచుకున్నాడు,
దాని మీద ఇంకా వాయిదాలున్నాయి.

బొటనవేలు పెట్టమన్నారు.
పెట్టాను. ఎర్ర దీపం.
కొంగుతో తుడుచుకుని పెట్టాను. ఎర్ర దీపం.
చూపుడువేలు. ఉంగరంవేలు. ఎడమ చెయ్యి.
గుమస్తా కుర్రాడు నా వేలు పట్టుకుని వెలుతురుకి తిప్పి
"ఏమీ లేదు మావుసీ, నున్నగా ఉంది" అన్నాడు.

ఏముంటుంది బావూ?
బట్టీ పెట్టిన కొత్తలో కూలి ఇవ్వడానికి డబ్బుల్లేక
పదకొండేళ్లు పిక్కలు నేనే కొట్టాను.
బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా
జీడి ఊరుకోదు.
ముందు నల్లగా కాలుస్తుంది,
తర్వాత తొక్క ఊడుతుంది,
ఆ తర్వాత గీతలు.
నా వేలిముద్రలు కావాలంటే
ఏటి అవతల గొడౌనులో వెతకండి,
బస్తాకి ఇన్నని లెక్కేసి అమ్ముకున్నాం.

ఈయన నా చేతికేసి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"టీ తెస్తాను" అని బయటికెళ్లాడు.

చివరికి ఇంకో మిషను తెచ్చి
కంటిపాపని ఒప్పించారు.
సంతకం నేనే పెట్టాను, తెలుగులో,
'న్యా' దగ్గర కాస్త తడబడి.

ఆ రోజు నుంచి బ్యాంకువాడు కలలోకి రావట్లేదట.
అయినా నడిరేయి లేచి కూర్చుంటాడు.
"మీ అన్నదమ్ములతో మాటలున్నాయేటి నీకు?" అంటాడు.
"మోకాళ్లు చూపిద్దాం, కటకం తీసుకెళ్తాను" అంటాడు.
కూరలో ఉప్పెక్కువైన రోజు కూడా
ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

కాగితాలు ఎక్కడ దాచావని
ఇంతవరకు అడగలేదు.
అడుగుదామని గుమ్మం దాకా వచ్చి
వాన వస్తుందా అని ఆకాశం చూసి వెళ్తాడు.

వచ్చేలాగే ఉంది.
పెరట్లో కంద ఈ ఏడు ఏపుగా లేచింది.