పోర్టు, పోటు

క్లాక్స్‌విక్ రేవులో తెల్లవారుజాము నాలుగున్నర.
ఆరింటికి చేపల వేలం.
కాడ్ చేపల ధర పడాల్సిన బోర్డు మీద
ఒకే ఒక్క మాట:
ఈ పోర్టులో ఎవరో ఉన్నారు.

ఎనిమిది వేల ఎనభై.
వేలంపాట ఆ గడప దాటే లోపలికి రావాలి.
గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని
ఎవరో పడుకున్నారు.

నా దగ్గరొక షెల్ స్క్రిప్టు ఉంది, మూడే వరుసలు.
పిడి అరిగిన కూరగాయల కత్తిలాంటిది.
మొదటి వరుస తలుపు తట్టి, ఎవరది? అంటుంది.
రెండోది, కాస్త లేస్తారా? అని
ఐదు సెకన్లు ఆగుతుంది.
మూడోది ఏమీ అనదు.
తొమ్మిదో నంబరు సంకేతం, అంతే.

ఎవరది అంటే ఒక అంకె పలికింది,
దాని వెనక ఒక పేరు: ఒరవడి.
మూడేళ్ల నాలుగు నెలలుగా కన్ను మూయలేదు.
రాసినవాడు హోగ్ని.
ఇప్పుడు గ్రీన్‌లాండ్ వైపు ఏదో ట్రాలర్‌లో
వంట చేస్తున్నాడట.
ఆ ట్రాలర్ వాళ్లను తలుచుకుంటే జాలి.

లేవమన్నాను. లేవలేదు.
ఒకటి. రెండు.
బయట ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వస్తూ కూస్తోంది.
మూడు. నాలుగు.

ఐదు.

పోర్టు ఖాళీ. బోర్డు వెలిగింది.
కాఫీ కప్పు ఎత్తానో లేదో ఫోను.

స్వీనోయ్ దీవి నుంచి, పేరు సున్వా అట.
"ఒరవడి ఆగిపోయిందమ్మా!"
సముద్రమే ఆగిపోయినంత కంగారు.
వంటింటి గోడమీద చిన్న తెర,
నీళ్లు తూర్పుకెప్పుడు తిరిగేదీ
పడమటికెప్పుడు మళ్లేదీ చెప్పేదట.
అది చూసే తమ్ముడు పడవ దింపుతాడట.
ఇవాళా దింపాలి.

పోటు రెండు రకాలు: కత్తిది, కడలిది.
ఒకదాంతో ఇంకోదాన్ని ఆపేశాను.
గదిలో ఎవరున్నారని అడిగాను గానీ
ఎవరితో మాట్లాడుతున్నారని అడగలేదు.

హోగ్ని ఫోల్డరు వెతికి
ఎనభై తీసి ఎనభై ఒకటి చేసి
ఒరవడిని మళ్లీ నిలబెట్టాను, పక్కింట్లో.
"చివరి సున్నా తీసి ఒకటి పెట్టండి."
"ఏ సున్నా?"
పదకొండు నిమిషాలు పట్టింది,
తొమ్మిది కళ్లద్దాలు వెతకడానికే.

స్క్రిప్టులో మొదటి వరుస కింద
ఇంకో వరుస ఇరికించాను:
నీ మాట ఎవరు వింటున్నారు?

వేలం మొదలయ్యాక మళ్లీ ఫోను.
ఆరుంబావుకి తిరుగుతాయట నీళ్లు.
తమ్ముడు ఇంకా టీ తాగుతున్నాడట.
మీ బోర్డులో కాడ్ ఎంత పలికిందమ్మా, అంది.
చెప్పాను.
చాలా తక్కువ, అంది.