దండయాత్ర మధ్యలో సబ్బు

టొలీడోలో, యాభై రెండులో,
గురువారం రాత్రి ఎనిమిదింటికి
లోకాన్ని అంతం చేయడం నా ఉద్యోగం.

ఊరగాయ సీసా మూత మెల్లగా తిప్పితే
కుజగ్రహం ఓడ తలుపు తెరుచుకునేది.
క్యాబేజీని కత్తితో పొడిస్తే సైనికుడి పుర్రె.
ఆ క్యాబేజీ ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి,
శుక్రవారం మాకు దాని సూపే.

ఓడలు ఏరు దాటి వస్తుంటాయి.
మేయరు గొంతు వణుకుతుంటుంది.
సరిగ్గా అప్పుడే అద్దాల గదిలోంచి
హాల్‌పెర్న్ వేలెత్తుతాడు.
ఆగాలి.
కుజగ్రహం వాళ్ళయినా సరే
ఎత్తిన ఆయుధాలు ఎత్తినట్టే
అరవై సెకన్లు గాల్లో వేలాడుతూ
లార్క్‌మోర్ సబ్బు నురగ గురించి వినాలి.

సేనానీ, సబ్బాయనా ఒక్కడే:
ఎల్డన్ ప్రూయిట్.
సేనానికి తలమీద బకెట్ బోర్లించుకునేవాడు,
సబ్బుకి తీసేసేవాడు.
"లొంగిపోండి" అన్న నోటితోనే
"అమ్మా, మీ చేతులు చూసుకున్నారా?" అనేవాడు,
తేనె పూసిన కత్తి.

శ్రోతల ఉత్తరాలు నేనే చించేవాణ్ణి.
ఫిండ్లే నుంచి ఒకటి, పెన్సిల్‌తో,
తొమ్మిదేళ్ళ వెర్నా రాసింది:
"కుజగ్రహం వాళ్ళంటే నాకు భయం లేదు.
వాళ్ళకి మా ఇల్లు తెలీదు.
సబ్బాయనంటేనే భయం.
మా అమ్మ చేతులు పగిలాయని
ఆయనకి ఎవరు చెప్పారు?"

ప్రూయిట్‌కి చూపించాను.
చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.
నవ్వలేదు.
ఆ గురువారం సబ్బు దగ్గర
బకెట్ తీయడం మరిచిపోయాడు.
మరిచిపోయాడనే హాల్‌పెర్న్‌కి చెప్పాం.

సోమవారానికి కంపెనీ నుంచి ఫోను:
ఊళ్ళో దుకాణాల్లో సబ్బులు అయిపోయాయట.
బకెట్ అలాగే ఉంచమన్నారు.