మూడు వేళ్ళ పిడి

కొత్తూరు జంక్షన్లో దిగి
హిరమండలం రోడ్డు పట్టుకుంటే
పంచర్ల బడ్డీ దాటాక మా కొలిమి.
బోర్డు లేదు. చప్పుడే బోర్డు.

సీతంపేట సోమవారం సంత ముగించుకుని
కొండ దిగొచ్చాడు సవర సుక్కయ్య,
కుడిచెయ్యి తువ్వాల్లో దాచుకుని.
"వేటకత్తి కావాల, సన్యాసాచారీ."
ఏమైందని మా అయ్య అడగలేదు.
ఇంత జిగురుమన్ను పిసికి ఆ చేతిలో పెట్టి
"పట్టు. పగోడి పీక పట్టినట్టు కాదు,
మేక పొదుగు పట్టినట్టు" అన్నాడు.

మన్ను మీద మూడు వేళ్ళ పల్లాలు.
మిగతా చోటంతా నున్నగా ఉంది.
ఇప్పపూలు ఏరే వేళ ఎలుగు పట్టుకుపోయిందట.
"దానిదీ ఆకలే గదా" అని సుక్కయ్య నవ్వితే
తిత్తి లాగుతున్న నా చెయ్యి
ఒక ఊపిరి తప్పింది.

అయ్య నేల మీద బొగ్గుతో గీశాడు:
జానెడు అలుగు,
వెన్ను మీద చూపుడువేలు ఆనడానికి చిన్న గాటు,
ములుకు మరీ సన్నం కాదు, ఎముక తగిలితే విరుగుతుంది.
సుక్కయ్య వంగి చూసి
కాలి బొటనవేలితో సగం చెరిపేశాడు.
"పొట్ట ఇంకాస్త దించు.
మాంసం ఎవుడైనా కోస్తాడు. తోలు ఒలవాల."
చెరిపిన గీతే ఖాయమైంది.
పిడి చివర మాత్రం అయ్య ఒక కొక్కెం తిప్పాడు.
లేని వేళ్ళ పని చెక్క చెయ్యాలి గదా.

ఇనుము, ఘాటీలో బోల్తాపడ్డ లారీ కమాను పట్టీది.
పండుమిరప రంగు దాటి
బంతిపువ్వయ్యాక తీశాం.
అయ్య సుత్తి ఎక్కడ తడితే
నా సమ్మెట అక్కడ పడాలి.
"ఆడగుంటకి సమ్మెటేటి" అనేవారు బడ్డీ కాడ.
వాళ్ళ కొడవళ్ళకి పదును పెట్టిందీ నేనే.

ఇప్పనూనెలో ముంచితే బుస్సుమంది.
అసలు కష్టం ఆ తర్వాత.
నిప్పు సెగ మీద రంగు కాచుకోవాలి.
తోక వంగపండు కావాలి,
అంచు ఎండుగడ్డి దగ్గరే ఆగాలి.
రెప్ప వేస్తే పోయినట్టే.
"ఇప్పుడు!" అన్నాను, అయ్య కంటే ముందు.
కత్తిని నీళ్ళలో పెట్టాడు, నావైపు చూళ్ళేదు.
ఆ రాత్రి
రెండో చేపముక్క నా కంచంలో వేశాడు.

కత్తి చేయించుకున్న అందరి పిడికిళ్ళూ
మా అటక మీద ఉండేవి, మట్టివి,
ఎవరిది ఎవరిదో అయ్యకే తెలుసు.
నలభై ఏళ్ళు మా తిత్తి ఊదింది,
ఒక్క రాత్రి తిత్లీ ఊదింది.
రేకులు చెరువులో తేలాయి.
తెల్లారి అటక కింద
ఊరి చేతులన్నీ ఒకటే బురద.
సుక్కయ్యది మాత్రం మిగిలింది,
కొలిమి గట్టున మరిచిపోతే ఎప్పుడో కాలి
కుండపెంకంత గట్టిపడి.

మొన్న అతని మనవరాలు వచ్చింది, రాయేలు.
తాత పోయాడట. ఫారెస్టోళ్ళు
విల్లంబులూ పట్టుకుపోయారట.
కత్తి చీర చెంగులో చుట్టి ఉంది,
సాన మీద అరిగి అరిగి
పొట్ట లోపలికి పోయిన కత్తి.
"అనాసపళ్ళు కోస్తన్నాను దీన్తోటి.
పిడి నా చేతికి కుదర్లేదు, అక్కా."

కాలిన పిడికిలి తీసి ఇచ్చాను.
ఆ పల్లాల్లో తన వేళ్ళు పెట్టి చూసుకుంది.
రెండు వేళ్ళు గాల్లో ఉండిపోయాయి.
కాసేపు ఎవరం మాట్లాడలేదు,
రోడ్డు మీద ఇటుకల ట్రాక్టరు పోయేదాకా.

జిగురుమన్ను పిసికి
ఆ పిల్ల చేతిలో పెట్టాను.
అయ్య మాటే నా నోట్లోంచి వచ్చింది.
"మేక పొదుగు పట్టినట్టు."

పాత చెక్క ఊడదీస్తే
ఇన్నేళ్ళూ వెలుగు తగలని తోక మీద
అక్కడక్కడా
వంగపండు రంగు.

"కొక్కెం ఉంచెయ్యక్కా" అంది బేరం మధ్యలో,
"పిలకలు లాగడానికి అదే బాగుంటాది."