లఘుచాప

పొద్దున్న ఆరున్నరకి ఫోను ఒకసారి వణుకుతుంది.
భువనేశ్వర్ నుంచి సముద్రం వస్తుంది,
ఒడియాలో.

దాన్ని తెలుగు చెయ్యడం నా పని.
సోనాపూర్ సొసైటీ గోడకి కట్టిన నల్లబల్ల మీద
మా మాటని వాళ్ళ అక్షరాలతో రాస్తాను.
బడిలో నేర్పినవి గొడుగులు పట్టుకున్న ఆ అక్షరాలే.
తెలుగు నాకు నోటిదాకా వచ్చింది,
చేతిదాకా రాలేదు.

సోమవారం "లఘుచాప" అని వచ్చింది.
అల్పపీడనం. ఇచ్ఛాపురం చుట్టాలింట్లో టీవీలో విన్న మాట.
రాసేలోపే పైకి చదివాను కాబోలు,
నెత్తళ్ళు ఎండేస్తున్న మా పోలమ్మవ్వ అందుకుంది:
"సంద్రం మీద సాప పరిసినారేటి? సిన్న సాపా?
మరి దాని మీద తొంగునేది ఎవులే?"
రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నానికి చాప "అవపాత" అయింది,
రాత్రికి "గభీర అవపాత".
పద్దెనిమిదిన్నర ఉత్తరం, ఎనభై ఏడు తూర్పు.
గాలి గంటకి యాభై ఐదు, విసురు అరవై ఐదు.
సముద్రం అశాంతం. వేటకి పోరాదు.

సూరాడ కొర్లయ్య తాత టార్చి వేసుకొచ్చి
ఒక్కో అంకెనీ వేలితో తడిమాడు.
"ఈ ఎనబయ్యేడు ఏటమ్మీ? బారలా, కోసులా?"
"నీళ్ళ మీద గీతలుంటాయి తాతా. కనపడవు."
"కనపడని గీత మీద పడవెలా ఆపుతాం?"

చెరిపి మళ్ళీ రాశాను:
మహేంద్రగిరి నడుందాకా మునిగే చోట కవ్వళ్ళు.
భుజాలు మునిగే చోట వంజరం.
తల కూడా మునిగాక
ఇంజను ఆపకుండా ఇంకో రాత్రీ, పగలూ.
అక్కడుంది అది.
"దగ్గిరే," అన్నాడు తాత. టార్చి ఆర్పేశాడు.

మంగళవారం సముద్రం నూనె పోసినట్టుంది.
పడవలు సరుగుడు తోట అంచున బోర్లా పడుకున్నాయి.
గరికయ్య కొడుకు బల్ల ముందు నిలబడి
"అశాంతం ఎక్కడే? సూపించు" అన్నాడు.
ఎక్కడినుంచి తేను?
కావాలంటే మా ఇళ్ళల్లో ఉంది:
బియ్యం డబ్బా అడుగున గ్లాసు గీరుకునే చప్పుడు,
చేప పడకముందే కరిగి కారిపోతున్న ఐసు,
డీజిలు కొట్టువాడి నోటుపుస్తకం.
దానికి ఏ నంబరు జెండా ఎగరేస్తారు?

బుధవారం వార్త మలుపు తిరిగింది.
ఈశాన్యంగా జరిగి, బాలేశ్వర్ పక్కనుంచి, బెంగాల్ వైపు.
"సాప సుట్టీసినారు," అంది అవ్వ.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
వాళ్ళ మూడు రోజులు నేనే తినేసినట్టు
నా చేతిలో సుద్దముక్క వైపు చూశారు.

ఆ రాత్రి ఆకు కదలలేదు.
తెల్లారగట్ల నీరు లేచింది.
ఎత్తయిన అల కాదు. పొడుగైనది.
తొందర లేకుండా వచ్చి ఒడ్డంతా చదివి
గట్టున ఆరేసిన వలల్ని చుట్టుకుపోయింది.
బాహుదా మొగ తన నోరు తనే ఇసకతో కుక్కుకుని
అరమైలు అవతల ఇంకో నోరు తెరిచింది.
రెండు తెప్పలు సరుగుడు చెట్లెక్కాయి.

ఫోను తీసి బుధవారం వార్త మళ్ళీ చదివాను.
ఆఖరి వాక్యంలో ఉంది ఆ అల.
దానికి తెలుగు తెలియక వదిలేశాను.
చాప పోయిందిగా, ఇంకేం రాస్తాంలే అని కూడా.

ఈ సంగతి అవ్వకొక్కదానికే చెప్పాను.
తడి వల విప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు.
"గాలి లేకుండా వొచ్చే అలని ఏమంటారవ్వా?"
"ఎరువు కెరటం.
ఎక్కడో గాలి సేసిన అప్పు.
ఇక్కడి ఒడ్డు తీరస్తాది."

శుక్రవారం బల్ల:
గాలి లేదు. వాన లేదు.
ఎరువు కెరటం, ఇంకో పూట.

పొట్టి ఎ ఒడియాలో లేదు.
పొడుగుదే రాశాను.
కెరటం పొడుగుదే కదా.